గోరు కింద కణితి: "అక్కడ కూడా వస్తుందా?" అని అడిగినవారికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అక్కగారికి 38 ఏళ్లు. కుడిచేతి ఉంగరపు వేలి గోరు కింద నాలుగేళ్లుగా నొప్పి. చన్నీళ్లు తగిలితే ప్రాణం పోయినంత పనవుతోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నరాల బలహీనత అన్నారు, విటమిన్ మాత్రలు రాశారు, ఆఖరికి "టెన్షన్ వల్ల" అని కూడా అన్నారు. ఇప్పుడు ఎమ్మారైలో 4 మిల్లీమీటర్ల గడ్డ కనబడింది, గ్లోమస్ ట్యూమర్ కావచ్చని చెప్పారు. మీరు అడిగినవి నాలుగు. గోరు కింద కణితి రావడమేమిటి, అది క్యాన్సరా, తీసేస్తే మళ్లీ వస్తుందా, ఇలాంటివి ఒంట్లో ఇంకెక్కడైనా దాక్కున్నాయేమోనని అమ్మగారు భయపడుతున్నారు కాబట్టి ఒళ్లంతా స్కాన్ చేయించాలా.

నేను పాథాలజిస్టుని. ఇరవయ్యేడేళ్లుగా ఇదే పని. థియేటర్లో తీసిన ముక్క ఏదైనా చివరికి వచ్చి చేరేది మా బల్ల మీదికే. పేషెంట్ల ముఖాలు మేం చూసేది తక్కువ, వాళ్ల కణాలను చూసేది ఎక్కువ. సర్జన్ చెప్పాల్సింది ఆయన చెప్తారు. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే మనిషికి ఏం తెలుసో అది నేను చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ అక్కగారి సంగతి. గ్లోమస్ ట్యూమర్లు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. క్యాన్సర్ స్వభావం ఉన్నవి చాలా అరుదు. అవి కూడా ఎక్కువగా ఒంటి లోతుల్లో, 2 సెంటీమీటర్లు దాటి పెరిగినవై ఉంటాయి. గోరు కింద 4 మిల్లీమీటర్ల గడ్డ గురించి ఆ భయంతో నిద్ర మానుకోవాల్సిన పని లేదు. ఆఖరి మాట మాత్రం గడ్డ తీశాక వచ్చే బయాప్సీ రిపోర్టుదే.

ఇక అక్కడ ఎందుకు వచ్చిందన్నది. గోరంటే మనకు పైన కనిపించే గట్టి పలక ఒక్కటే గుర్తొస్తుంది. దాని కింద చాలా ఉంది. వేళ్ల కొసల్లో, ముఖ్యంగా గోరు కింద, గ్లోమస్ బాడీలని చిన్న చిన్న నిర్మాణాలుంటాయి. ధమనిలోంచి సిరలోకి నేరుగా దారితీసే ఒక సన్నని రక్తనాళం, దాని చుట్టూ కండర స్వభావం ఉన్న గ్లోమస్ కణాలు, వాటిని అల్లుకుని బోలెడన్ని నరాల కొసలు. ఎండగా ఉంటే ఆ నాళం తెరుచుకుని ఒంటి వేడిని చర్మం గుండా బయటికి పంపుతుంది. చలిగా ఉంటే ముడుచుకుని వేడిని లోపలే ఉంచుతుంది. ఆ ముడిచే పని గ్లోమస్ కణాలది. ఆ కణాలే అవసరానికి మించి పెరిగి ఉండకట్టుకుంటే గ్లోమస్ ట్యూమర్. పైన గోరు, కింద ఎముక. మధ్యలో సాగడానికి చోటు లేదు. అందుకే కందిగింజ కంటే చిన్న గడ్డ కూడా మనిషిని ఏడిపిస్తుంది. చలి తగిలితే నొప్పి ఎందుకొస్తుందో కూడా ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. చలికి స్పందించడమే ఆ కణాల వృత్తి.

కాబట్టి అది రాకూడని చోట వచ్చింది కాదు. ఆ కణాల సొంత చోటే అది. అక్కడ అవి కాపురముంటున్నాయని మనకు తెలియదు, అంతే. నేను చూసిన "వింత చోటు" కణితుల్లో సగానికి పైగా కథ ఇదే.

మూడు లక్షణాలు కలిసి ఉంటే చెయ్యి చూసే డాక్టరు దీన్ని ఎమ్మారై లేకుండానే పట్టుకోవచ్చు. ఉండి ఉండి వచ్చే పోటు, చలి పడకపోవడం, ఒకే ఒక్క బిందువు దగ్గర తాకితే భరించలేని నొప్పి. ఆ మూడోదాన్ని పరీక్షించే పద్ధతి చూడ్డానికి చాలా చిన్నది. గుండుసూది తల వైపుతో గోరు మీద ఒక్కో మిల్లీమీటరూ నొక్కుతూ వస్తారు. ఇక్కడ లేదు, ఇక్కడ లేదు, ఇక్కడా లేదు. ఒక్క చోట నొక్కగానే పేషెంటు చెయ్యి లాగేసుకుంటారు. దాని పక్కనే నొక్కితే మళ్లీ ఏమీ ఉండదు. తర్వాత బీపీ చూసే పట్టీ చేతికి కట్టి, రక్తప్రసారం ఆగేంతగా గాలి కొట్టి, అదే బిందువు మళ్లీ నొక్కుతారు. ఈసారి నొప్పి ఉండదు. గాలి వదలగానే తిరిగి వస్తుంది. మొదటిదాన్ని లవ్ పరీక్ష అని, రెండోదాన్ని హిల్‌డ్రెత్ పరీక్ష అని అంటారు. రెండూ కలిపి పది నిమిషాల పని. మీ అక్కగారికి నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఇది చేయలేదంటే నాకు నిజంగా బాధగా ఉంది. ఆమె ఒక్కరికే ఇలా జరగలేదు, ఈ జబ్బులో సరైన పేరు దొరికేసరికి ఏళ్లు గడవడం మామూలైపోయింది. ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మహా అయితే కింది ఎముక మీద చిన్న నొక్కు కనబడుతుంది. బయటికి వాపు లేదు, చీము లేదు, ఎరుపు లేదు. కంటికి కనబడని నొప్పిని నమ్మడం చూసేవాళ్లకు కష్టం. పైగా ఇది ఎక్కువగా వచ్చేది మధ్యవయసు ఆడవాళ్లకు. వాళ్లు నొప్పి అంటే "టెన్షన్" అని తేల్చేయడం ఎంత సులువో మీకు తెలియనిది కాదు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటారే, ఆమె నాలుగేళ్లు పడింది అదే. ఒకటి వేలికి, ఒకటి మనసుకి.

ఈ నొప్పిని వైద్యులు రాతలో పెట్టి రెండు శతాబ్దాలు దాటింది. ఎడిన్‌బరో సర్జన్ విలియం ఉడ్ 1812లోనే చర్మం కింద భరించలేని నొప్పి పుట్టించే చిన్న బుడిపెల గురించి రాశారు. అవి ఏ కణాల నుంచి పుడతాయో 1924లో ఫ్రెంచి పాథాలజిస్టు పియర్ మాసోన్ తేల్చారు. అంటే పేషెంట్లు చెప్పిన మాటను మైక్రోస్కోపు రుజువు చేయడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

మా దగ్గరికి వచ్చేసరికి అది ఎలా ఉంటుందో చెప్తాను. చిన్న సీసాలో కణాలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం, అడుగున బూడిద రంగు కలిసిన లేత గులాబీ పూస. పట్టకారుతో తీసి వడపోత కాగితంలో చుట్టకపోతే ప్రాసెసింగ్‌లో ఎటో పోతుంది, అంత చిన్నది. దాన్ని మైనంలో బిగించి 3, 4 మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, రంగులద్ది చూస్తాం. సన్నని రక్తనాళాలు, వాటి చుట్టూ వరసలు కట్టి నిలబడ్డ గుండ్రని కణాలు. ఒక్కో కణం మధ్యలో పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రని కేంద్రకం. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. క్యాన్సర్ కణాల్లో కనిపించే గందరగోళం ఏమీ ఉండదు. ఇరవయ్యేడేళ్ల తర్వాత కూడా ఆ స్లైడ్ వస్తే నేను కాసేపు ఎక్కువే చూస్తాను. అంత పొందికైన కణాలు అంత బాధ పెట్టాయంటే నమ్మబుద్ధి కాదు.

గోరు కింద వచ్చేవన్నీ ఇంత మంచివి కావు, అది కూడా చెప్పాలి. నొప్పి పెట్టే గ్లోమస్ కంటే నొప్పి పెట్టని నల్ల చార నన్ను ఎక్కువ కంగారు పెడుతుంది. గోరు వెంట నిలువుగా నల్లని లేదా గోధుమరంగు చార కొత్తగా వచ్చి, నెలల్లో వెడల్పవుతూ, ఆ రంగు గోరు దాటి పక్క చర్మంలోకి దిగితే అది మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్ కావచ్చు. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లలో చాలామందికి చాలా గోళ్లకు అలాంటి చారలు మామూలుగానే ఉంటాయి, వాటితో భయం లేదు. ఒకే గోరుకు, అందులోనూ బొటనవేలికి, పెద్దయ్యాక కొత్తగా వచ్చిన చారనే చూపించుకోవాలి. 1886లో లండన్ సర్జన్ జొనాథన్ హచిన్సన్ దీన్ని వర్ణిస్తూ పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే నల్ల గోరుచుట్టు. చర్మంలోకి రంగు దిగడాన్ని ఇప్పటికీ హచిన్సన్ గుర్తు అనే అంటాం. గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఈ రకమే. మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో బయటపడింది. 1981 మే 11న 36 ఏళ్లకే పోయారు. ఎండ తగలని చోట మెలనోమా రాదని చాలామంది అనుకుంటారు. అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వచ్చే రకానికి ఎండతో పని లేదు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు మెలనోమా వస్తే ఎక్కువగా ఈ చోట్లలోనే వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నను కొంచెం పెద్దది చేస్తాను, అమ్మగారి భయానికి జవాబు అందులోనే ఉంది కనుక.

కొన్ని కణితులు సొంత చోట పుట్టినా మనకు ఆ చోటు తెలియక వింతగా కనిపిస్తాయి. గ్లోమస్ అలాంటిదే. మెడలో, గొంతుకు పక్కగా, పెద్ద ధమని రెండుగా చీలే దగ్గర బియ్యపు గింజంత కెరోటిడ్ బాడీ ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే కాపలాదారు. అక్కడ గడ్డ వస్తే పట్టుకుని పక్కలకు కదపొచ్చు, పైకీ కిందికీ కదలదు, వేలికి నాడి కొట్టుకున్నట్టు తెలుస్తుంది. ఎత్తైన పర్వత ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్నవాళ్లకు ఇది ఎక్కువ. ఇదే కుటుంబానికి చెందిన కణితి మూత్రాశయం గోడలో కూడా రావచ్చు. అప్పుడు మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ గుండె దడ, తలనొప్పి, చెమటలు. బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఈ సంగతి పేషెంటు చెప్పడానికి సిగ్గుపడతారు, డాక్టరు అడగరు. దాంతో అది అలాగే ఉండిపోతుంది.

రెండో రకం నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా ఉంటుంది. తల్లి కడుపులో బిడ్డ తయారవుతున్నప్పుడు మన అవయవాల్లో కొన్ని ఒకచోట పుట్టి ఇంకోచోటికి ప్రయాణం చేస్తాయి. థైరాయిడ్ గ్రంథి నాలుక వెనక మొదలై మెడలోకి దిగుతుంది. అండాలనూ వీర్యకణాలనూ తయారుచేయాల్సిన బీజకణాలు పచ్చసొన సంచి గోడలో మొదలై, శరీరం నడిమి గీత వెంట చాలా దూరం నడిచి తమ చోటికి చేరతాయి. దారిలో ఆగిపోయినవి ఎక్కడ ఆగితే అక్కడ ఉండిపోతాయి. ఏళ్ల తర్వాత అక్కడే గడ్డ కావచ్చు. వెంట్రుకలు, పళ్లు కూడా ఉండే టెరటోమాలు అండాశయంలోనే కాక ఛాతీ మధ్యలో, మెదడు నడిమిన, పసిపిల్లల తోక ఎముక దగ్గర ఎందుకు వస్తాయంటే ఇదే కారణమని చెప్తారు. ఆ చోట్లన్నీ ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉండటం గమనించండి. చంకలో రొమ్ము కణజాలం మిగిలిపోవడం కూడా ఇలాంటిదే. నెలసరికి ముందు, గర్భంతో ఉన్నప్పుడు అది ఉబ్బుతుంది. కొవ్వు గడ్డ అనుకుని వదిలేస్తారు. రొమ్ములో వచ్చే జబ్బు ఏదైనా అక్కడా రావచ్చు, క్యాన్సర్‌తో సహా.

నాలుక వెనక ఆగిపోయిన థైరాయిడ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గొంతులో అడ్డుగా ఉందని వస్తారు. నోరు తెరిస్తే నాలుక మొదట్లో ఎర్రగా, నున్నగా ఒక ఉండ. చూడగానే కోసి తీసేయాలనిపిస్తుంది. కానీ ఇలాంటివాళ్లలో ఎక్కువమందికి ఒంట్లో ఉన్న థైరాయిడ్ మొత్తం ఆ ఉండే. మెడలో ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. అది తీసేస్తే ఆ మనిషి జీవితాంతం మాత్రల మీద బతకాలి. కత్తి పట్టుకునే ముందు మెడకు అల్ట్రాసౌండ్, థైరాయిడ్ స్కాన్ చేస్తే చాలు, తెలిసిపోతుంది. వింత చోట గడ్డ కనబడితే "ఇది తియ్యాలా" అని కాదు, "ఇది ఏమిటి" అని ముందు అడగాలని మా జూనియర్లకు నేను చెప్పేది ఈ ఉదాహరణతోనే.

మూడో దారి మంచిది కాదు. ఎక్కడో పుట్టిన క్యాన్సర్ ప్రయాణం చేసి ఊహించని చోట తేలడం. బొడ్డులో గట్టి బుడిపె వస్తే అది ఒక్కోసారి కడుపులో జీర్ణాశయానిదో అండాశయానిదో క్యాన్సర్ బయటికి తొంగిచూడటం. దీనికి సిస్టర్ మేరీ జోసెఫ్ నాడ్యూల్ అని పేరు. ఆమె అమెరికాలోని రోచెస్టర్‌లో సర్జన్ విలియం మేయో పక్కన ఆపరేషన్లలో సహాయం చేసిన నర్సు. ఆపరేషన్‌కు ముందు పేషెంటు పొట్ట శుభ్రం చేస్తూ, బొడ్డులో గట్టి బుడిపె ఉన్నవాళ్లకు లోపల క్యాన్సర్ బాగా ముదిరి ఉంటోందని చేతివేళ్లతో కనిపెట్టింది ఆమె. డాక్టర్లు కాదు. ఆమె పేరు దానికి పెట్టింది ఇంగ్లండు సర్జన్ హామిల్టన్ బెయిలీ, 1949లో. ఎడమ కాలర్ ఎముక పైన గుంటలో బిళ్ల కట్టినా ఇలాగే పొట్ట లోపల వెతకాల్సి వస్తుంది. చాలా అరుదుగా వేలి కొస ఎముకలోకి కూడా క్యాన్సర్ వస్తుంది, ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి. వేలు వాచి ఎర్రబడి గోరుచుట్టులాగే ఉంటుంది. యాంటీబయాటిక్స్‌కు తగ్గని "గోరుచుట్టు"కి ఎక్స్‌రే తీయాలనడం అందుకే. మీ అక్కగారికి తీశారు, ఎముక బాగుంది, ఆ సంగతి ముగిసింది.

ఇంకో రకం ఉంది. అందులో చోటు కాదు, జబ్బు వింతగా ఉంటుంది. కణితి ఒకచోట, బాధ ఇంకోచోట. గుండె ఎడమ పై గదిలో జిగురు ఉండలా వేలాడే మిక్సోమా అనే కణితి ఊడిపడ్డ ముక్కలతో పక్షవాతం తెప్పిస్తుంది. మనిషి పడుకుంటే ఒకలా, లేస్తే ఒకలా ఆయాసం వస్తుంది. 1954లో స్టాక్‌హోంలో క్లారెన్స్ క్రాఫోర్డ్ ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మిషన్ సాయంతో దాన్ని మొదటిసారి విజయవంతంగా తీశారు. కానీ నన్ను ఎక్కువ కలచివేసేది మరొకటి. అరికాలిలోనో తొడలోనో ముక్కు పక్క గదుల్లోనో ఎవరికీ కనబడని చిన్న గడ్డ ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంటుంది. ఆ హార్మోన్ వల్ల కిడ్నీలు ఫాస్ఫేట్‌ను మూత్రంలో పారబోస్తాయి. ఎముకలు మెత్తబడి, దెబ్బ లేకుండానే విరుగుతాయి. నడుం నొప్పి, తొడల్లో పోట్లు, కుర్చీలోంచి లేవలేకపోవడం. కీళ్లవాతం అంటారు, వెన్నుపూస అంటారు, డి విటమిన్ తక్కువంటారు. మనిషి ఎత్తు తగ్గి, చక్రాల కుర్చీకి చేరి, మంచం పడతారు. రక్తంలో ఫాస్ఫరస్ చూస్తే గుట్టు బయటపడుతుంది, కానీ చాలాసార్లు కాల్షియం ఒక్కటే చూసి ఊరుకుంటారు. 1959లో ఆండ్రియా ప్రేడర్ అనే స్విస్ వైద్యుడు 11 ఏళ్ల అమ్మాయికి పక్కటెముక మీది కణితి తీయించాక ఎముకల జబ్బు నయమవడం చూసి, రెండిటికీ లంకె ఉందని గట్టిగా చెప్పారు. ఈ జబ్బుకు కారణం ఆ హార్మోనేనని తేలింది 2001లో. ఇప్పుడు గాలియం డోటాటేట్ పెట్ అనే ప్రత్యేక స్కాన్‌తో ఆ గడ్డ ఎక్కడుందో వెతుకుతారు. మొత్తం తీసేయగలిగితే కొద్ది రోజుల్లోనే ఫాస్ఫేట్ సరవుతుంది, నెలల్లో ఎముకలు గట్టిపడతాయి. ఒకసారి కాలి మడమ దగ్గర నుంచి తీసిన వేలి కొసంత గడ్డను నేను చూశాను. ఆరేళ్లు మంచాన ఉన్న మనిషిది. మరుసటి ఏడు ఆయన తన రిపోర్టు కాపీ కోసం మా ల్యాబ్‌కు నడుచుకుంటూ వచ్చారు. రెండంతస్తుల మెట్లెక్కి వచ్చారు.

ఇదంతా చదివి మీరు బెంబేలెత్తకూడదు. వీటిలో ప్రతి ఒక్కటీ అరుదైనదే. ఏడాదికి లక్షమందిలో ఆరుగురి కంటే తక్కువమందికి వచ్చే క్యాన్సర్‌ను అరుదైన క్యాన్సర్ అని యూరప్‌లో లెక్కకడతారు. అయితే అలాంటివి చాలా రకాలు ఉన్నాయి కాబట్టి అన్నీ కలిపితే మొత్తం క్యాన్సర్లలో ఐదో వంతు పైనే అవుతాయి. ఒక్కో డాక్టరూ ఒక్కోదాన్ని జీవితంలో ఒకసారి చూస్తే ఎక్కువ. అందుకే గుర్తుపట్టలేకపోతే కోపం రాదు నాకు. గుర్తుపట్టే ఒకే ఒక్క అవకాశాన్ని చెత్తబుట్టలో వేస్తే మాత్రం వస్తుంది.

అది ఎలా జరుగుతుందో చెప్తాను. ఇరవై నాలుగేళ్ల అబ్బాయి. మోకాలి వెనక గడ్డ, మూడేళ్లుగా మెల్లగా పెరుగుతోంది. కొవ్వు గడ్డ అని చెప్పి ఒకచోట మత్తు సూది వేసి, అరగంటలో తీసేశారు. పరీక్షకు పంపలేదు. "చూడ్డానికి మామూలుగానే ఉంది, అనవసరంగా ఖర్చెందుకు" అన్నారట. పధ్నాలుగు నెలలకు అదే చోట మళ్లీ వచ్చింది, ఈసారి పెద్దగా. ఆ ముక్క నా దగ్గరికి వచ్చింది. సైనోవియల్ సార్కోమా అనే క్యాన్సర్. పేరు కీలు పొరదే గానీ, ఆ పొరలోంచి పుట్టేది కాదు. చేతులు కాళ్లే కాదు, మెడలో, ఊపిరితిత్తిలో కూడా వస్తుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మంచి గడ్డలా నమ్మిస్తుంది. మొదటిసారి అడ్డంగా పెట్టిన కోత వల్ల చుట్టుపక్కల పొరలన్నిటిలోకీ కణాలు చేరిపోయాయి. రెండో ఆపరేషన్‌లో చాలా పెద్ద కండరం తీయాల్సి వచ్చింది, తర్వాత రేడియేషన్. ఆ అబ్బాయి తండ్రి నన్ను అడిగారు, "మొదటిసారి తీసింది ఎక్కడుందండీ, అది చూస్తే తెలిసేదా?" అని. తెలిసేదండీ. ఆ రోజు ఆయనకు ఆ మాట చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన పనుల్లో ఒకటి.

చర్మం కింది గడ్డల్లో క్యాన్సర్ కానివే నూటికి తొంభై తొమ్మిది. ఆ మిగిలిన ఒక్కటి కోసమే ప్రతి ముక్కా పంపాలంటాను. 5 సెంటీమీటర్లు దాటినా, కండరం లోతున ఉన్నా, పెరుగుతూ ఉన్నా, తీసేశాక మళ్లీ వచ్చినా ముందు స్కాన్, తర్వాత సూది బయాప్సీ, ఆ తర్వాతే ఆపరేషన్. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. సరిగ్గా ప్లాన్ చేసి, తర్వాత చేయబోయే ఆపరేషన్ దారిలోనే తీసిన సూది బయాప్సీతో ఆ భయం దాదాపు లేనట్టే. చెరుపు చేసేది తెలియకుండా, ప్లాన్ లేకుండా పెట్టిన కత్తి. మెడలో నాడి కొట్టుకునే గడ్డకు, బీపీని ఎగదోసే గడ్డకు మాత్రం సూది పెట్టే ముందు స్కాన్, హార్మోన్ పరీక్షలు తప్పనిసరి. లేకపోతే రక్తం ధారకట్టొచ్చు, బీపీ చేతికి చిక్కకుండా పోవచ్చు.

మీ అక్కగారి గడ్డ ఈ రకాల్లోది కాదు, దానికి ముందుగా బయాప్సీ అక్కర్లేదు, నేరుగా తీసేయవచ్చు. కానీ ముక్క విషయంలో మాత్రం మీరు దగ్గరుండి చూసుకోండి. సిగ్గుపడకుండా అడగండి, "దీన్ని హిస్టోపాథాలజీకి పంపిస్తున్నారు కదా" అని. పంపేది ఫార్మలిన్‌లో ఉండాలి, ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం. గాజు గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని మర్నాడు తెచ్చినవాళ్లున్నారు, ఉత్త సెలైన్‌లో రెండు రోజులు ఉంచి పంపినవాళ్లున్నారు. అప్పటికి కణాలు కుళ్లిపోయి మేం చేయగలిగింది ఏమీ ఉండదు. సీసా మీద పేరు, ఏ వేలు, ఏ వైపు రాసి ఉండాలి. నొప్పి ఎన్నేళ్లుగా ఉందో, చలికి ఎలా ఉంటుందో ఫారంలో రెండు ముక్కలు రాయమనండి. ఆ రెండు ముక్కలు నాకు ఎంత సాయమో చెప్పలేను. రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనం బ్లాకు ఎక్కడ దాస్తారో కనుక్కోండి. ఎప్పుడైనా రెండో అభిప్రాయం కావాలంటే కాగితం కాదు, ఆ బ్లాకే కావాలి. ఏళ్ల తర్వాత కూడా దాంట్లోంచి కొత్తగా కోసి చూడొచ్చు.

ఒళ్లంతా స్కాన్ విషయం. వద్దు. వేలికి ఒక్క గ్లోమస్ వచ్చినంత మాత్రాన ఒంట్లో ఇంకోచోట ఏదో ఉందని కాదు. ఊరికే వెతికితే ఎవరి ఒంట్లోనైనా ఏదో ఒక చిన్న మచ్చ కనబడుతుంది, దాని వెనక పరుగులు మొదలవుతాయి. ఒక్కటి మాత్రం ఇంట్లోనే చూడండి. ఆమె ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ, ఒక్కోటి 15 మిల్లీమీటర్లు దాటినవి ఉన్నాయా? వేరే వేళ్లలో కూడా ఇలాంటి నొప్పి ఉందా? ఉంటే న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకం అనే జన్యు సమస్య ఉందేమో చూపించాలి. వాళ్లకు గ్లోమస్‌లు చాలా వేళ్లకు రావచ్చు. లేకపోతే అమ్మగారికి ధైర్యం చెప్పండి.

మళ్లీ వస్తుందా అంటే, ఎక్కువసార్లు వచ్చేది కొంత మిగిలిపోయినప్పుడే. అందుకే చేతి ఆపరేషన్లలో అనుభవం ఉన్నవాళ్ల దగ్గర, భూతద్దాలు పెట్టుకుని చేసేచోట చేయించండి. గోరు తీయాల్సి వస్తే కంగారుపడొద్దు, చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పూర్తిగా రావడానికి ఆరు నెలలు పడుతుంది. గోరు పుట్టే మూలం దగ్గర కోత పడితే మధ్యలో చిన్న గాడి ఉండిపోవచ్చు, ఆ మాట ముందే చెప్పి ఉంచమని సర్జన్‌ని అడగండి. ఆపరేషన్ నొప్పి కొన్ని వారాలు ఉంటుంది, అది వేరేలా ఉంటుంది, ఆమెకే తేడా తెలుస్తుంది. మూడు నెలల తర్వాత కూడా చన్నీళ్లకు అదే పాత పోటు వస్తుంటే మాత్రం ఆగకుండా మళ్లీ ఎమ్మారై చేయించండి. కొంత మిగిలిపోయి ఉండొచ్చు, లేదా పక్కనే రెండోది ఉండొచ్చు. ఈసారి ఎవరైనా టెన్షన్ అంటే పాత రిపోర్టు తీసి వాళ్ల ముందు పెట్టండి.

రిపోర్టు వచ్చాక అందులో అర్థం కాని మాట ఏదైనా ఉంటే ఇక్కడే రాయండి, చదివి చెప్తాను.